చెవిన పడిన త్యాగయ్య: వినే పుస్తకాలను గూర్చి కొన్ని మాటలు

ఉగాదినాడు పంచాంగాన్ని ఎవరికి వారు చదువుకోరు. ఇంటింటా పంచాంగం ఉన్నా, సాయంకాలం గుడి మంటపంలోనో సంఘం వాకిట్లోనో చేరి, సిద్ధాంతిగారు చదువుతూ ఉండగా వింటారు. ఈ ఏడు రాజెవరు, మంత్రి ఎవరు, ఆదాయమెంత, వ్యయమెంత, అన్నీ అచ్చులో ఉన్నవే. అయినా దాని పేరు పంచాంగ శ్రవణమే గాని పంచాంగ పఠనం కాదు. వినికిడిని గూర్చి వ్రాయదలచిన మాకు ఈ ప్రత్యేక సంచిక కంటె తగిన చోటు దొరకదు.

కావేరి ఒడ్డున తరతరాలుగా స్థిరపడిన మా వంటి కుటుంబాల సంగతి చదువరులకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళమో ఇంగ్లీషో. పిల్లలకు తెలుగు మాట తెలుసును, అక్షరం తెలియదు. మా సంఘం గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల బీరువాలు రెండున్నవి. తాళపుచెవి కార్యదర్శిగారి దగ్గర భద్రంగా ఉన్నది, అడిగేవారే కరువైనారు. చదివే పెద్దలకు చూపు తగ్గినది, చూపున్న పిల్లలకు చదువు రాదు. ఈ రెండు కష్టాలకు మందు ఒక్కటే అని మాలో ఒకరికి తోచి, గత విజయదశమి మొదలు ఆదివారం సాయంకాలాలు సంఘం హాలులో ఆడియో పుస్తకాలు పెట్టుకొని వినటం ప్రారంభించినాము. ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు, పది పన్నెండు కుర్చీలు, చివర కాఫీ. అంతే ఏర్పాటు.

ఏమి వినాలి అన్న దగ్గర కొంత చర్చ జరిగినది. నవలలు వద్దన్నారు, నవల ఎవరింట్లో వారు వినవచ్చును. నలుగురు కూర్చుని విన్న తరువాత వాదించుకోదగినది కావాలన్నారు. చరిత్ర, భక్తి, సంగీతం, ఈ మూడూ కలిసిన విషయం మా ఊళ్ళకు ఒక్కటే ఉన్నది. త్యాగరాజస్వామి. ఆయన పుట్టిన తిరువారూరు, బ్రతికిన తిరువయ్యారు మాకు బస్సు దూరం. అందువల్ల ఆయన జీవితాన్ని చెప్పే వినే పుస్తకాలు, ఉపన్యాసాలు, తెలుగువి తమిళంవి ఇంగ్లీషువి, దొరికినన్ని విన్నాము. వాటిని చేసినవారి పేర్లు ఇక్కడ చెప్పము. తప్పులు పట్టేటప్పుడు పేర్లు చెప్పటం మా సంఘం మర్యాద కాదు, మెచ్చుకొన్నవాటిలో కూడా తప్పులున్నవి గనుక.

అభిప్రాయాలకు ముందు అసలు చరిత్ర కొంత చెప్పుకోవాలి. తంజావూరు నాయకుల రాజ్యం 1532 ప్రాంతంలో సేవప్ప నాయకునితో మొదలైనది. అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకుల కాలంలో ఈ తమిళ సీమ నడుమ తెలుగు రాజసభ భాషయై కూర్చున్నది. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని రఘునాథ నాయకునికి అంకితమిచ్చినాడు. మంత్రి గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి విజయరాఘవుని కాలంలో చతుర్దండి ప్రకాశికను సంస్కృతంలో వ్రాసి డెబ్బది రెండు మేళకర్తల లెక్క కట్టినాడు. 1673లో నాయకుల రాజ్యం పోయి కొద్ది సంవత్సరాలకే మరాఠా రాజులు వచ్చినారు. వారు మరాఠీ మాట్లాడేవారు, తమిళులను ఏలినవారు. అయినా తెలుగును విడువలేదు. శహాజి మహారాజు పల్లకీ సేవా ప్రబంధాన్ని తెలుగులో రచించినాడు. మెలట్టూరులో భాగవతమేళం వారు నరసింహ జయంతికి నేటికీ ఆడే ప్రహ్లాద చరిత్రము తెలుగే. దానిని వ్రాసిన వేంకటరామశాస్త్రిగారు తెలుగువారే, చూచేవారు తమిళులు. ఆ పాత్రలు వేసేవారు తండ్రి దగ్గర కొడుకు విని నేర్చుకొన్నవారు. అక్షరం లేకుండా భాష నిలవగలదు అనటానికి మాకు దగ్గరలో ఉన్న సాక్ష్యం అది.

కంభం ప్రాంతంలోని కాకర్ల నుండి వలస వచ్చిన వంశంలో 1767లో త్యాగయ్యగారు పుట్టినారు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ, గురువు శొంఠి వేంకటరమణయ్య. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారులో సిద్ధి పొందినారు. కావేరి ఒడ్డున సమాధి. ఇంతవరకు ఎవరికీ తగవు లేదు. ఇక్కడి నుండి ఒక్క అడుగు ముందుకు వేస్తే తగవులు మొదలు. పుట్టిన సంవత్సరం 1759 అన్నవారున్నారు. గిరిరాజకవి ఆయనకు తాతగారన్నారు. తండ్రికి తండ్రియా, తల్లికి తండ్రియా అన్న దగ్గర వ్రాసినవారు ఏకీభవించలేదు.

ఆయన జీవితానికి మనకు దొరికే ఆధారాలు ఏవి? మొదటిది ఆయన కీర్తనలే. రెండవది శిష్యుల వ్రాతలు. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు సౌరాష్ట్ర కుటుంబం వారు. ఇంటి భాష సౌరాష్ట్రం, గురువు భాష తెలుగు. గురువుగారి కీర్తనలు, చరిత్ర వారు వ్రాసి పెట్టిన ప్రతులు పిమ్మట మదురై సౌరాష్ట్ర సభలో చేరినవి. గురువు సొంత తెలుగువాడు, ఆయన చరిత్రను మొదట పట్టి ఉంచినవారు సౌరాష్ట్రులు, దాచిన ఊరు తమిళ మదురై. ఏది వలస, ఏది స్వస్థలం అని గీత గీసే ముందు దీనిని ఒకసారి తలచుకోవాలి. మూడవ ఆధారం హరికథ. తంజావూరు కృష్ణభాగవతారు 19వ శతాబ్ది చివరి భాగంలో మరాఠీ కీర్తనకారుల పద్ధతిని మన సంగీతంతో కలిపి దక్షిణాదిన కథాకాలక్షేపానికి ఒక రూపం తెచ్చినారు. అటు విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ తరువాతి భాగవతుల నోట త్యాగయ్యగారి జీవితం కూడా ఒక కథ అయినది. 1946లో చిత్తూరు నాగయ్యగారు త్యాగయ్య చిత్రం తీసేనాటికి ఆ కథ జనానికి కంఠస్థం.

మూడవ ఆధారంతోనే చిక్కు. హరికథ వినిపించేది భక్తికి, రుజువుకు కాదు. శరభోజి మహారాజు బంగారు పళ్ళెంలో కానుకలు పంపగా త్యాగయ్యగారు తిరస్కరించి "నిధి చాల సుఖమా" పాడినారని కథ. ఆ కీర్తనలో ధనం గొప్పదా దేవుని సన్నిధి గొప్పదా అన్న ప్రశ్న ఉన్నది, మనుష్యులను స్తుతించటం మీద ఏవగింపు ఉన్నది. రాజు పేరు లేదు, పళ్ళెం లేదు. అన్నగారు కోపంతో రామ విగ్రహాలను కావేరిలో పారవేసినాడని మరొక కథ. "అన్యాయము సేయకురా" అన్న కీర్తనలో అన్నగారి వలన కలిగే బాధను గూర్చి ఆయన రామునితో మొరపెట్టుకొన్నమాట నిజం. అంతవరకు ఆయన నోటిమాట. నదిలో పారవేయటం, వెదకటం, దొరకటం, ఇదంతా చెప్పుకొంటూ వచ్చినది. తిరుపతిలో తెర తొలగినది కూడా అటువంటిదే.

ఈ కథలను తీసివేయాలని మేము అనము. తీసివేస్తే త్యాగయ్యగారు ఎక్కడ మిగులుతారు? మా ఇండ్లలో నూరేండ్లుగా ఆయన ఈ కథల మీదనే నిలచి ఉన్నారు. మా మాట ఒక్కటే: వినేవానికి ఏది వ్రాతలో ఉన్నది, ఏది చెప్పుకొంటున్నది అన్న తేడా తెలియాలి. అచ్చు పుస్తకంలో ఆ తేడా చూపటానికి ఉపాయాలున్నవి. అడుగున చిన్న అక్షరాలలో ఆధారం ఇస్తారు, కొటేషన్ గుర్తులు పెడతారు, సందేహం ఉంటే కుండలీకరణంలో ప్రశ్న గుర్తు వేస్తారు. చెవికి ఇవేవీ లేవు. మంచి గొంతు గలవాడు గంభీరంగా చదివితే, 1847 జనవరి 6 ఎంత నిజమో బంగారు పళ్ళెం కూడా అంతే నిజమై వినబడుతుంది. పైగా పళ్ళెం దగ్గర వెనుక వీణ మోగిస్తారు. తేదీ దగ్గర మోగించరు. పిల్లవాడికి ఏది గుర్తుంటుందో చెప్పనక్కరలేదు.

మేము విన్నవాటిలో ఎక్కువ భాగానికి ఇదే మా ఫిర్యాదు. ఒక పుస్తకంలో అచ్చులో ఉన్న అడుగు వివరణలను పూర్తిగా విడిచిపెట్టి చదివినారు. అచ్చుప్రతి మా బీరువాలో ఉన్నది గనుక పక్కన పెట్టుకొని విన్నాము. గ్రంథకర్త "ఇది ఐతిహ్యము" అని అడుగున వ్రాసుకొన్న చోట, వినిపించిన పాఠంలో ఐతిహ్యం చరిత్ర అయిపోయినది. గ్రంథకర్త బ్రతికి ఉంటే ఏమనేవాడో. మరొకటి ఇంగ్లీషు పుస్తకం. అందులో చదివినాయన అడుగు వివరణలన్నీ పుట సంఖ్యలతో సహా చదివినాడు. వాక్యం మధ్యలో ఆగి "వివరణ పదునాలుగు" అని మొదలుపెట్టేసరికి, సగంలో వదిలిన వాక్యం ఎక్కడ ఉన్నదో ఎవరికీ గుర్తులేదు. నిజాయితీలో లోపం లేదు, వినటం మాత్రం సాధ్యం కాలేదు.

మరి దారి ఏది? మన భాషలోనే ఉన్నదని మాకు తోచినది. అది చిన్న మాట: "అట". పురాణం చెప్పే శాస్త్రిగారు "శివుడు ఆమాట విని నవ్వినాడట" అంటారు. అమ్మమ్మ కథ చెప్పినా "ఒక రాజుండేవాడట". తాను చూడలేదు, విన్నది చెబుతున్నాను అని ఆ రెండక్షరాలలో ఒప్పుకొంటున్నది. సభ రసం చెడదు, అబద్ధమూ కాదు. అడుగున పెట్టే వివరణకు మన పెద్దలు నోటితో చేసిన ఏర్పాటు ఇదేనని మా నమ్మకం. ఇప్పటి చదివేవారు దీనిని పల్లెటూరి మాట అనుకొని తీసివేసి, "నవ్వెను", "పారవేసెను" అని నిర్ధారణగా చదువుతున్నారు. భాష గౌరవంగా ఉన్నది, చరిత్ర చెడినది.

ఈ విషయం మాకు ఒక ఆదివారం నాడు తేలినది. మాలో ఒక పెద్దాయన, రైల్వేలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొన్నవారు, ఒకనాడు ఈ గ్రంథాలయానికి పుస్తకాలు ఎంపిక చేసిన మనిషి, నాలుగేండ్ల క్రితం చూపు పోగొట్టుకొన్నారు. మనుమడు చెయ్యి పట్టుకొని తీసుకొని వస్తాడు. వాడికి తెలుగు అక్షరాలు రావు. ఆనాడు విగ్రహాల కథ వచ్చినది. నదిలో విగ్రహాలు పడిన చప్పుడు కూడా రికార్డు చేసినారు. వాడు వంగి తాతగారి చెవిలో అడిగినాడు: "నిజంగానే వేసేసినాడా తాతా?" పెద్దాయన కొంచెంసేపు మాట్లాడలేదు. పిమ్మట "వేసినాడట" అన్నారు. వాడు "ఓహో, అటా" అని ఊరుకొన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ అడిగినాడట, ఎవరు చూచినారు అని. ఈ "అట" మాది.

ఈ పెద్దాయన వంటివారి కొఱకే వినే పుస్తకాలు పుట్టినవి అన్న సంగతి చాలామందికి తెలియదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టినాడు. మరుసటి సంవత్సరమే ఆ యంత్రం వేటికి పనికివచ్చునో ఒక పత్రికలో వ్రాస్తూ, చూపులేనివారు వినే పుస్తకాలను కూడా చేర్చినాడు. కాని ఆనాటి గొట్టాలలో రెండు మూడు నిమిషాల కంటె పట్టేది కాదు. పుస్తకం పట్టేటంత పెద్ద రికార్డులు రావటానికి 1930ల దాకా ఆగవలసి వచ్చినది. అమెరికాలో 1934 ప్రాంతంలో అంధుల సంస్థ వారు పక్కకు పావుగంట పాడే రికార్డుల మీద పుస్తకాలు చదివించి పంపినారు. ఇంగ్లండులో 1935లో, మొదటి మహాయుద్ధంలో చూపు పోయిన సైనికులను తలచుకొని అదే పని మొదలైనది. తొలి పుస్తకాలలో ఒకటి అగాథా క్రిస్టీ అపరాధ పరిశోధన నవల. ఒక్క నవలకు పది రికార్డులు, వాటిని మోసుకుపోయేవాడికి కూలి దండుగ. నేడు ఆ బరువంతా చొక్కా జేబులో ఉన్నది. 2005లో మొదలైన లిబ్రివాక్స్ అన్న ఏర్పాటులో సామాన్యులే పాత పుస్తకాలు చదివి అందరికీ ఉచితంగా పెట్టినారు. అందులో ఇంగ్లీషుతో పోలిస్తే మన భాష చాలా కొద్ది.

మన దేశంలో గ్రామఫోనుకు పాటలు రికార్డు చేయటం 1902లో వచ్చినది, కలకత్తాలో గౌహర్ జాన్ వంటివారి పాటలతో. పక్కకు మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాలు మన కీర్తనను ఏమి చేసినవో సంగీతం తెలిసినవారు చెప్పుకోవాలి. గంట పాడే రాగాన్ని అరనిమిషానికి కుదించి, సంగతులు తగ్గించి, పెద్ద కీర్తనలో చరణాలు విడిచి, పరుగుమీద ముగించవలసి వచ్చేది. ఆ రికార్డులు విని నేర్చుకొన్న తరానికి కీర్తన నిడివి అంతే అనిపించినది. దీనిని ఎవరి తప్పనీ అనలేము. అదే రికార్డు లేకపోతే ఆ గొంతులు ఈనాడు మనకు లేవు.

రేడియో వచ్చి మేలు చేసినది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైనవి. విజయవాడ భక్తిరంజని తెల్లవారుజామున తెలుగు ఇండ్లలో సుప్రభాతమైనది. దాని వెనుక ఉన్న బాలాంత్రపు రజనీకాంతరావుగారే 1958లో ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము వ్రాసినారు. 1961లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. చరిత్ర, భక్తి, సంగీతం మూడింటినీ ఒకచోట చేర్చిన తెలుగు పుస్తకాలలో దానిని మేము ముందు వరుసలో పెడతాము. వ్రాసినాయన రేడియో మనిషి గనుక వాక్యాలు చెవికి ఇంపుగా ఉంటవి. మా పెద్దాయనకు ఒక అధ్యాయం చదివి వినిపించినప్పుడు ఎక్కడా తడబడవలసిన పని లేకపోయినది. అన్ని పండిత గ్రంథాలను గూర్చి ఈ మాట చెప్పలేము. అరపుట వాక్యాలు కంటితో చదివితే ఎక్కడానికి మెట్లవలె ఉంటవి, చెవితో వింటే ఊపిరాడదు.

సంగీతాన్ని గూర్చిన పుస్తకాన్ని చదివి వినిపించేటప్పుడు మరొక ధర్మసందేహం ఉన్నది. కీర్తన ప్రస్తావన వస్తే చదవాలా, పాడాలా? విడి మాటలుగా చదివితే పప్పులో ఉప్పు లేనట్లుంటుంది. పాడితే, శ్రోత పాటలో పడి రచయిత ఏమి చెబుతున్నాడో మరచిపోతాడు. మేము విన్న ఒక తమిళ ప్రసంగంలో వక్త చక్కని పని చేసినాడు. ఒక రాగంలో ఫలానా స్వరం దగ్గర త్యాగయ్యగారు చేసిన కొత్తదనం చెబుతూ, ఆ ఒక్క పలుకును రెండుసార్లు అని చూపి, వెంటనే మాటలోకి వచ్చినాడు. అది కాగితం చేయలేని పని. వినే పుస్తకం అచ్చు పుస్తకం కంటె ఎక్కువ అయ్యే చోటు ఇది ఒక్కటే అని కూడా అనవచ్చును. ఇంకొక పుస్తకంలో ప్రతి అధ్యాయానికి ముందు, వెనుక, మధ్య సితారు వాయించినారు. తిరువయ్యారు కథకు సితారు ఎందుకు వచ్చినదో మాకు అంతుపట్టలేదు.

పేర్ల సంగతి చెప్పకపోతే మా సభ్యులు ఊరుకోరు. తిరువారూరు పుట్టిన ఊరు, తిరువయ్యారు పెరిగిన ఊరు. ఒకాయన రెండింటినీ ఒకే విధంగా పలికి, త్యాగయ్యగారు ఆ ఊరి నుండి ఆ ఊరికే వలస వచ్చినట్లు చేసినాడు. మరాఠా రాజులలో శహాజి, శరభోజి, శివాజి ఉన్నారు. త్యాగయ్యగారు సిద్ధి పొందేనాటికి తంజావూరు గద్దె మీద ఉన్నది శరభోజి కొడుకు శివాజి. అది విని మా పిల్లలు ఇద్దరు, ఛత్రపతి శివాజీ తిరువయ్యారు వచ్చినాడని సంబరపడినారు. కంటికి సంవత్సరాలు కనబడతవి, నూటయాభై ఏండ్లకు మించిన తేడా తెలుస్తుంది. చెవికి పేరొక్కటే అందుతుంది. తేదీలు కూడా అంతే. "1798లో శరభోజి సింహాసనమెక్కెను" అంటే ఆ అంకె గాలిలో పోతుంది. "శరభోజి సింహాసనమెక్కే నాటికి త్యాగయ్యగారికి ముప్పది ఒకటేండ్లు" అంటే నిలుస్తుంది. ఇటువంటి చిన్న మార్పులు చేసే స్వేచ్ఛ చదివేవారికి ఉండాలని కొందరు, గ్రంథాన్ని ముట్టుకోరాదని కొందరు. మా హాలులో ఈ తగవు ఇంకా తీరలేదు.

కుఱ్ఱవాళ్ళు ఒకటిన్నర వేగం మీద వింటారు. చరిత్రకు పరవాలేదు, చౌక కాలపు కీర్తన మధ్యలో వస్తే నవ్వులాట అవుతుంది. యంత్రం చదివిన తెలుగు కూడా ఒకటి విన్నాము. అక్షరాలు తప్పు లేవు, విరుపు తెలియదు. "రామ భక్తి సామ్రాజ్యం" అన్నా రైలు రాకపోకల ప్రకటన అన్నా ఒకటే ధోరణి. అయినా చూపులేని మా పెద్దాయన దానిని తీసివేయనివ్వలేదు. "మనిషి చదవని పుస్తకాన్ని అదైనా చదువుతున్నది గదా" అన్నారు. ఆయన స్థితిలో ఉండి చూడాలి.

పలుకును గూర్చి మా తమిళ మిత్రులతో ఒక పాత ముచ్చట ఉన్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు అక్షరం ఒక్కటే. కీర్తనల పుస్తకాలు తమిళ లిపిలో వేసినవారు ఆ అక్షరం మీద రెండు, మూడు, నాలుగు అని చిన్న అంకెలు వేసి తేడా చూపినారు. ఆ అంకెలను పట్టించుకొని పాడినవారు ధన్యులు. పట్టించుకోనివారి నోట త్యాగయ్యగారి తెలుగు మా చెవులకు నొప్పి కలిగించిన రోజులున్నవి. ఇది చెప్పి మనం గొప్ప పోరాదు. ఆ కీర్తనలను ఇన్నాళ్ళు నిలిపినది ఎక్కువ భాగం తెలుగు ఇంటి భాష కానివారే. అప్పట్లో దక్షిణాది సంగీతజ్ఞులకు తెలుగు లిపి సాధారణం. ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులవారు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించినారు. నూట ఇరవై ఏండ్లు గడిచినవి. ఆ పుస్తకాన్ని మా వీధిలో తెరచి చదవగల తెలుగు పిల్లవాడు ఎవడైనా ఉన్నాడా అని లెక్క వేస్తే మాకు ఒక చేతి వేళ్ళు మిగిలినవి.

బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలవకుండా తిరువయ్యారు కథ చెప్పరాదు. నంజనగూడులో 1878లో పుట్టిన ఆమె, పాడుబడిన సమాధి సంగతి గురువు బిడారం కృష్ణప్పగారి వలన తెలుసుకొని, 1920లలో తన సొమ్ముతో అక్కడ ఆలయం కట్టించినది. స్త్రీలను పాడనివ్వని రోజులలో స్త్రీలతో ఆరాధన జరిపించినది. ముద్దుపళని రాధికా సాంత్వనమును 1910లో ప్రకటించి నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఆమెయే. మేము విన్నవాటిలో రెండింటిలో ఆమెకు ఒక్కొక్క వాక్యం దక్కినది. ఒకదానిలో అదీ లేదు. బంగారు పళ్ళేనికి మాత్రం పది నిమిషాలు ఇచ్చినారు. ఆమె గొంతు రికార్డులలో ఉన్నది, ఆమె కట్టించిన గుడి కంటికెదురుగా ఉన్నది, ఎవరి "అట" అవసరం లేదు.

విని విని, మనమే చదివితే ఏమి అన్న ఆలోచన సంక్రాంతి తరువాత వచ్చినది. చట్టం సంగతి ఒక న్యాయవాది మిత్రుని అడిగినాము. మన దేశంలో గ్రంథకర్త గతించిన పిమ్మట అరువది ఏండ్లకు పుస్తకం అందరిదీ అవుతుంది. అంతకు లోబడినవైనా, చూపులేనివారి కొఱకు చదివి ఇవ్వటానికి 2012లో చేసిన చట్టసవరణ అనుమతిస్తుంది. చూపులేనివారికి పుస్తకాలు చేర్చటాన్ని గూర్చి 2013లో మరాకేష్‌లో జరిగిన అంతర్జాతీయ ఒడంబడికను మొదట ధ్రువపరచిన దేశం మనదే, 2014లో. ఇంత సౌకర్యం ఉండి తెలుగులో చదివినవి ఇంత తక్కువగా ఉండటం చట్టం లోపం కాదు.

ప్రస్తుతం మా బీరువాలోని పాత పుస్తకాలలో ఒకటి పట్టుకొన్నాము. సంఘంలో గొంతు బాగున్న ఒక అమ్మగారు చదువుతున్నారు, పుటకు మూడు నిమిషాలు. పెద్దాయన పక్కన కూర్చుని తప్పులు దిద్దుతారు. పుటలో అడుగున ఉన్న వివరణ వచ్చినప్పుడు, ఆమె వాక్యం పూర్తి చేసి, ఒక్క క్షణం ఆగి, "ఇది చెప్పుకొన్నమాట" అనో "ఇది వ్రాతలో ఉన్నది" అనో గొంతు తగ్గించి అంటారు. ఈ పద్ధతి నాలుగు సార్లు మార్చిన మీదట కుదిరినది. హాలు కిటికీ పక్కన బస్సుల హారను వినబడుతుందని రాత్రి తొమ్మిది గంటల తరువాత రికార్డు చేస్తున్నాము. అయినా మూడవ అధ్యాయంలో, శొంఠి వేంకటరమణయ్యగారి దగ్గర చదువు ముగిసే చోట, ఎవరో బిందె క్రిందపెట్టిన చప్పుడు పడినది. దానిని తీసివేయాలా అని అడిగితే పెద్దాయన అక్కరలేదన్నారు. మనుమడు ఇప్పుడు ఫోను పట్టుకొని రికార్డు నొక్కే పని చేస్తున్నాడు. పుట తిప్పవలసిన చోట ఆమె చేయి కదిలితే వాడికి తెలియాలని, గత వారం నుండి ఒక్కొక్క అక్షరం అడుగుతున్నాడు. "క" వచ్చినది. "ఖ" దగ్గర ఉన్నాడు.